నూరా... మూడొందల యాభయ్యా?

మిరప కాటా అయిన వారానికి మేనల్లుడు రొంపిచెర్ల నుంచి ఫోన్ చేశాడు.

“మామయ్యా, బండి కొంటున్నా. కొత్తది కాదు, పాతది. రెండు దొరికినయ్యి. ఏది తీసుకోవాలో నువ్వొచ్చి చెప్పు.”

తిరగడానికి ఇంట్లో బండి ఉంది, పొలానికి ట్రాక్టరుంది. అయినా పాతది కావాలట. వాడికి ముప్పై రెండేళ్లు. వాడు అడిగే రెండు బండ్లలో ఒకటి వాడు పుట్టకముందే ఫ్యాక్టరీలో ఆగిపోయింది. రెండోది వాడికి సరిగ్గా మాటలొచ్చేనాటికి ఆగిపోయింది.

“ఏవిరా అవి?”

“ఒకటి యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్. ఇంకోటి రాజ్‌దూత్ త్రీఫిఫ్టీ.”

ఆ రెండో పేరు విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు. నా కాలేజీ రోజుల్లో నరసరావుపేటలో ఆ బండి ఎక్కడో మలుపు తిరుగుతుంటే, అది కనపడకముందే టీ గ్లాసులు కింద పెట్టేవాళ్లం. అంత చప్పుడు. దాని వెనక నీలం పొగ, కాలిన నూనె వాసన. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

విదేశాల్లో మోజున్న మనిషి పాత స్పోర్ట్స్ కారు కొనాలంటే జాగ్వార్ ఇ-టైపా, పోర్షే 911నా అని తల బద్దలు కొట్టుకుంటాడు. ఒకటి 1961లో వచ్చిన అందగత్తె, రెండోది కొన్నేళ్ల తర్వాత వచ్చిన మొండిఘటం. మనకు ఆ బాధ రాలేదు. లైసెన్సుల కాలంలో పల్నాడు రోడ్ల మీద తిరిగినవి అంబాసిడర్, ఫియట్, ఆ తర్వాత మారుతి. అంబాసిడర్ ఇంజను 1,489 సీసీ, శక్తి సుమారు 50 హార్స్ పవర్, బరువు పదకొండు వందల కిలోలు. అంటే ఒక్కో గుర్రం మీద 22 కిలోల బరువు. ఇప్పుడు ఆర్‌ఎక్స్ 100 లెక్క చూడండి: 11 హార్స్ పవర్, 103 కిలోలు. గుర్రానికి తొమ్మిదిన్నర కిలోలు కూడా లేదు. మూడొందల యాభైలో మొదటి రకానికి 30.5 హార్స్ పవర్, బరువు నూట యాభై కిలోల పైచిలుకు. గుర్రానికి ఐదు కిలోలు. ఆ రోజుల్లో షోరూముకు డబ్బు పట్టుకెళ్లి కొనుక్కోగలిగిన వాటిలో దీన్ని అందుకునే కారు దేశంలో లేదు. మన స్పోర్ట్స్ కార్లు ఇవే. చక్రాలే రెండు తక్కువ.

ఆర్‌ఎక్స్ లెక్కలో చిన్న తిరకాసుంది. డెబ్భై కిలోల మనిషి ఎక్కి, వెనక అంతే బరువున్న బామ్మర్దిని కూర్చోబెట్టుకుంటే లెక్క మళ్లీ గుర్రానికి 22 కిలోల దగ్గరికి వస్తుంది. ఇద్దరెక్కిన ఆర్‌ఎక్స్, ఎవరూ ఎక్కని అంబాసిడర్ ఒకటే. ఈ సంగతి మేనల్లుడికి చెబితే నవ్వలేదు.

పాల క్యాన్ల రాజ్‌దూత్ కాదు

మన పల్లెల్లో రాజ్‌దూత్ అంటే రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడదీసుకుని తిరిగే 175 గుర్తొస్తుంది. పోలండు డిజైన్ తీసుకుని ఎస్కార్ట్స్ కంపెనీ చేసిన ఆ బండి ఎంత ఓర్పు కలదో అంత నెమ్మది. అదే కంపెనీ 1983లో యమహా నుంచి లైసెన్సు తెచ్చుకుని, ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ 350 పేరుతో దింపింది. పేరొక్కటే కలిసింది. జపానులో 1973లో పుట్టిన ఆర్‌డీకి 39 హార్స్ పవర్, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేవి. ఇక్కడికొచ్చేసరికి శక్తి తగ్గించారు, డిస్క్ తీసేసి డ్రమ్ పెట్టారు. మొదట వచ్చిన దాన్ని హెచ్‌టీ అంటారు, హై టార్క్. పెట్రోలు తాగేస్తోందని జనం గోలపెట్టాక శక్తిని 27కు దించి ఎల్‌టీ తెచ్చారు. ఎయిటీస్ ముగిసేసరికి రెండూ లేవు.

మేనల్లుడు చూసిపెట్టింది హెచ్‌టీ. ఊరికి ఇవతల, పాత పెంకుటింటి వసారాలో, పాత దుప్పటి కింద ఉంది. యజమాని డెబ్భైకి దగ్గర పడిన రైతు. దుప్పటి తీసిన తీరు చూస్తేనే అర్థమైంది, ఈయన అమ్మడానికి పిలవలేదు, చూపించడానికి పిలిచాడని. పెట్రోలు ట్యాప్ తిప్పి, రెండు కార్బొరేటర్ల దగ్గర చెయ్యి పెట్టి చూసుకుని, చోక్ లాగి, నాలుగో కిక్కుకి స్టార్ట్ చేశాడు. వసారాలో పిచుకలు లేచిపోయినయ్యి.

“మా నాయన బండలాగుడు గిత్తల్ని మేపేవాడయ్యా,” అన్నాడాయన ఇంజను ఆపాక. “వాటిని సేద్యానికి కట్టేవాళ్లం కాదు. ఉలవలు పెట్టడం, నీళ్లు పోయడం, తిరునాళ్లకు తోలుకుపోవడం. ఏడాదిలో నాలుగు పందేలు. మిగతా రోజులన్నీ మేపుడే. నేనూ అంతే, దీన్ని మేపుతున్నా.”

తర్వాత మేము విన్న మాటలన్నిటిలోనూ ఇంతకంటే పనికొచ్చే మాట దొరకలేదు.

బండి ఇచ్చాడు, ఊరి చివర దాకా పోయిరమ్మని. ఆరు గేర్లు. నాలుగు వేల ఆర్‌పీఎం దాకా ఇదేం వింతరా అనిపించింది, మామూలు బండే. ఆ పైన ముల్లు కదలగానే వెనక నుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టయింది. మూడో గేరుకే నా కళ్లల్లో నీళ్లు. కొత్తల్లో గంటకు నూట యాభై దాకా పోయేదని పేరున్న బండి ఇది. రెండు స్ట్రోకుల ఇంజను గనక, క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకీ సిలిండర్లో ఒకసారి మంట పడుతుంది. నాలుగు స్ట్రోకుల దాంట్లో రెండు చుట్లకొకటే. ఇక్కడ సిలిండర్లు రెండు. ఆ ఉరుముకీ, ఆ తోపుకీ కారణం అదే. లోపలికి పోయిన గాలి వెనక్కి తన్నకుండా కార్బొరేటరు వెనక సన్నని రేకు తలుపులుంటాయి, రీడ్ వాల్వులంటారు. అవి లేకుంటే అంత కిందినుంచి ఆ మాత్రం లాగుడు కూడా రాదు.

ముందు బ్రేకు మాత్రం ఆ వేగానికి చాలదు. ఒక గేదె అడ్డమొచ్చింది. డ్రమ్ము పట్టుకుంది, పట్టుకుంటూనే ఆలోచించింది. గేదె ఆలోచించలేదు. రెండు గజాల దూరంలో ఆగాను. చెన్నై శివార్లలోని షోలవరం రన్‌వే మీద ఎయిటీస్‌లో రేసులాడిన ఆర్‌డీలకు గేదెల బెడద లేదు కదా.

రెంటచింతల ఎండా, నల్లరేగడి దుమ్మూ

ఇంతకీ ‘మేపుడు’ అంటే ఏమిటో విడమరిచి చెప్పాలి. పాత బండ్ల మీద రాసేవాళ్లు వేగం గురించి పేజీలు నింపి, మెయింటెనెన్సు దగ్గరికొచ్చేసరికి ‘కొంచెం శ్రద్ధ అవసరం’ అని తేల్చేస్తారు. ఆ కొంచెం ఎంతో చెబుతాను.

ఆర్‌డీలో నిప్పురవ్వను పుట్టించేది పాయింట్లు. ఒక్కో సిలిండరుకు ఒక్కో జత. పిస్టన్ పై అంచుకు చేరడానికి కంపెనీ చెప్పినన్ని మిల్లీమీటర్ల ముందు, సరిగ్గా అక్కడే రవ్వ పడాలి. అది కొలవడానికి ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డయల్ గేజీ బిగించాలి. రెండు సిలిండర్లకూ విడివిడిగా. కంటితో చూసి ‘సరిపోయిందిలే’ అనే మేస్త్రి చేతికిస్తే ఒక సిలిండరు ముందు, ఒకటి వెనక కొడుతుంది. ముందుగా కొట్టే సిలిండరు వేడెక్కి, ఏదో ఒక రోజు పిస్టన్ తలకు రూపాయి బిళ్లంత బొక్క పడుతుంది. పైగా రవ్వకు కరెంటు వచ్చేది బ్యాటరీ నుంచి. బ్యాటరీ చచ్చిందంటే మీరు వస్తాదు కాలితో కిక్కు కొట్టినా లేవదు.

కార్బొరేటర్లు రెండు. ఎక్సలరేటర్ తిప్పితే రెండూ ఒకేసారి, ఒకే ఎత్తుకు లేవాలి. వాటితో పాటే మూడో వైరు ఆయిలు పంపుకు పోతుంది, దాన్ని ఆటోల్యూబ్ అంటారు. ఇంజను వేగాన్నీ, ఎక్సలరేటర్ తిప్పిన మేరనూ బట్టి పెట్రోలుకు తగినంత నూనె ఇంజనుకు అందించే పంపు అది. ఆ మూడు వైర్ల పొత్తు చెడితే కథ చెడినట్టే. నూనె తగ్గితే పిస్టన్ సిలిండరుకు పట్టేస్తుంది. నడిచే బండి నడుస్తూనే వెనక చక్రం బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో క్లచ్చి నొక్కే తెలివి ఉన్నవాడు ఇంటికొస్తాడు. పంపు మీద నమ్మకం లేనివాళ్లు దాన్ని తీసేసి నూనెను పెట్రోల్లోనే కలుపుకుంటారు. ఎంత కలపాలో చెప్పే వాళ్లు మాత్రం ఊరికో పదిమంది.

ఇక ఊరు. రాష్ట్రంలో ఎండ గురించి ఎప్పుడు వార్త రాసినా ముందొచ్చే పేరు మన పల్నాడులోని రెంటచింతలదే. ఈ రెండు బండ్లూ గాలితో చల్లబడేవి, రేడియేటర్లు లేవు. మే నెలలో మధ్యాహ్నం, వెనక మనిషితో, ఎదురుగాలిలో ఒకే వేగాన పావుగంట పోతే ఇంజను వేడి ఎక్కడికి పోవాలి? దానికి తోడు నల్లరేగడి దుమ్ము. మిరప కల్లాల రోజుల్లో ట్రాక్టర్లు తిరిగే దారుల్లో ఆ దుమ్ము పిండిలా లేస్తుంది. చప్పుడు బాగుంటుందని ఫిల్టరు డబ్బా పీకేసి బయటి ఫిల్టర్లు తగిలించే కుర్రాళ్లుంటారు. ఆ పిండే సిలిండరు గోడను గరుకుకాగితంలా గీకుతుంది. తర్వాత రీబోరింగు, సైజు పెద్దదైన పిస్టన్, మళ్లీ రీబోరింగు. సిలిండరు గోడ ఉన్నంతవరకే ఆ ఆట. అయిపోతే కొత్త స్లీవు. ఆర్‌డీకి ఇవన్నీ రెండేసి.

ఇక క్రాంకు. రెండు సిలిండర్ల క్రాంకు అనేక ముక్కలను ప్రెస్సులో నొక్కి కలిపిన వస్తువు. ఆయిలు సీళ్లు ఎండిపోతే అక్కడినుంచి గాలి దూరుతుంది, మిశ్రమం పలచబడుతుంది, మళ్లీ బొక్క. మధ్యనున్న సీలు మార్చాలంటే క్రాంకు మొత్తం విప్పాలి, విప్పాక మళ్లీ వంకర లేకుండా నిలబెట్టాలి. ఈ పని చేతనైన చేతులు నరసరావుపేటలో దొరకవు. బెంగళూరో చెన్నయ్యో పోవాలి. క్రాంకును గోనెసంచిలో చుట్టి రైలెక్కినవాళ్లు నాకు తెలుసు.

పెట్రోలు సంగతి చివరికి పెట్టాను, ఎందుకంటే అది అందరూ అడిగేదే. మామూలు నడకకు హెచ్‌టీ లీటరుకు ఇరవై, ఇరవై ఐదు ఇస్తే గొప్ప. లీటరు నూట పది రూపాయల చుట్టూ ఉన్న ఈ రోజుల్లో నరసరావుపేట పోయి రావడానికి అయ్యే పెట్రోలుతో మంచి భోజనం చేయొచ్చు. నిజానికి ఈ బండి ఎయిటీస్‌లో ఓడిపోయింది కూడా అందుకే. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 ఎనభై కిలోమీటర్ల మైలేజీ అని చాటుకుంటుంటే, బడిపంతులు ఎవరైనా ఆర్‌డీ వైపు చూస్తాడా?

వంద సీసీ పిల్లగాడు

ఆ కాలంలో జపాను నుంచి నలుగురు అన్నదమ్ముల్లా వంద సీసీ బండ్లొచ్చాయి. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా, అదే ఏడాది నవంబరులో యమహా ఆర్‌ఎక్స్ 100, 1986లో కవాసాకి బజాజ్ కేబీ 100. హోండా ఇంటి లెక్కలు చూసుకునే పెద్దకొడుకు. ఆర్‌ఎక్స్ చెప్పిన మాట వినని చిన్నోడు.

98 సీసీ, ఒకే సిలిండరు, నాలుగు గేర్లు. కాగితం మీద చూస్తే ఏముంది అనిపిస్తుంది. లోపల అదే రీడ్ వాల్వు, అదే రెండు స్ట్రోకులు. బరువు నూట మూడు కిలోలే గనక ఎక్సలరేటర్ తిప్పగానే ముందు చక్రం తేలిపోతుంది. ఆర్‌డీలాగా ఫలానా చోటు దాటాక విరుచుకుపడటం ఉండదు, మొదటి అంగుళం నుంచే ఉంటుంది. కోటప్పకొండ ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ గేరు దించి ఎక్కించే ఆట ఆడాలంటే ఇంతకు మించిన బండి నాకు తెలియదు. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డెక్కి నిటారుగా పోవాలంటే మాత్రం నూరు దాటాక హ్యాండిలు, పెడళ్లు, పళ్లు అన్నీ వణుకుతాయి. ఆర్‌డీ అక్కడే ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతుంది.

రెండో గడప వేరే రకం. అక్కడ బండి హాల్లో ఉంది, టీవీ పక్కన. ట్యాంకు మీద క్రోషే అల్లిక పరిచి, దాని మీద పూలకుండీ. ఇంటి యజమాని పోయి నాలుగేళ్లయింది. ఆయన భార్య మాకు మజ్జిగిచ్చి, పూలకుండీ తీసి పక్కన పెట్టి, “చూసుకోండి నాయనా,” అంది. నాలుగేళ్లుగా బండి స్టార్ట్ చేసిన వాళ్లు లేరు. మేనల్లుడు కార్బొరేటరు విప్పాడు. గిన్నె అడుగున బెల్లం పాకంలా బంక. కడిగి బిగించి, కొత్త పెట్రోలు, ప్లగ్గు తుడిచి కొడితే ఎనిమిదో కిక్కుకి లేచింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఆర్‌ఎక్స్‌కు రవ్వ ఇచ్చేది మాగ్నెటో గనక బ్యాటరీ ఉన్నా లేకున్నా దానికొకటే. హాలంతా పొగ. ఆవిడ ముక్కుకు కొంగడ్డం పెట్టుకోలేదు.

ఆర్‌ఎక్స్‌కు రోగాలు లేవని కాదు. చిన్న ఎండ్ బేరింగు అరిగి టకటకమంటుంది. సైలెన్సరు లోపల మసి పేరుకుని గొంతు పట్టేస్తుంది, ఏడాదికోసారి లోపలి గొట్టం తీసి కాల్చాలి. హెడ్‌లైటు వెలుతురు మిణుగురు పురుగుతో పోటీ. కానీ వీటిలో ఏదీ రొంపిచెర్ల దాటి పోయే పని కాదు. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, చైన్ కిట్టు నరసరావుపేటలో అడిగితే ఏ కంపెనీది కావాలి అని ఎదురడుగుతారు. ఎందుకంటే ఆర్‌ఎక్స్ 1996లో ఆగినా దాని తమ్ముళ్లు, ఆర్‌ఎక్స్‌జీ, ఆర్‌ఎక్స్ 135, ఆర్‌ఎక్స్-జడ్, 2000 తర్వాత కూడా కొన్నేళ్లు వచ్చాయి. సామాను చాలావరకు కలుస్తుంది. కలుస్తుంది గనకే మోసం కూడా కలుస్తుంది. ఆ సంగతి కింద చెబుతాను.

మేస్త్రి మాట

నరసరావుపేటలో ఒక షెడ్డుకు పోయాం. మేస్త్రికి అరవై దాటాయి. నలభై ఏళ్లుగా టూస్ట్రోకు బండ్లే. నేను రెండు బండ్ల సంగతి చెబుతుంటే స్పానరు ఆపకుండా విన్నాడు.

“త్రీఫిఫ్టీ ఎన్ని కిక్కులకు స్టార్ట్ చేశాడాయన?”

“నాలుగు.”

“మరి బాగానే చూసుకుంటున్నాడు. పాయింట్లు ఎవరు పెడతారంట?”

“ఆయనే.”

స్పానరు ఆగింది. “అట్టయితే అది బండి కాదు సార్. ఆయన, బండి కలిపి ఒకటి. నువ్వు బండొక్కటే తెస్తావు. ఆయన్ని తేలేవు కదా.”

మేనల్లుడు ఊరుకోలేదు. “నేర్చుకుంటా మేస్త్రీ.”

“నేర్చుకో. రెండేళ్లు పట్టిద్ది. ఈలోపు రెండు పిస్టన్లు పోతయ్యి, అది ఫీజు అనుకో. ఆర్‌ఎక్స్ అయితే ఈ వయసులో నేను కళ్లు మూసుకుని విప్పుతా. నేను పోయినా మా పిలగాడు విప్పుతాడు.”

నా తీర్పు కూడా ఇదేనని ఇక్కడ ఒప్పుకోవాలి. వేగం ఒక్కటే అడిగితే ఆర్‌డీ ముందు ఆర్‌ఎక్స్ ఆటబొమ్మ. గుంటూరు నుంచి తిరిగొస్తూ రాత్రి తొమ్మిదింటికి చిలకలూరిపేట దాటాక ఆగిపోకుండా ఇంటికి చేర్చేది ఏదని అడిగితే, ఆ ఆటబొమ్మే. ఇంకో బండి ఇంట్లో ఉండి, చేతికి గ్రీజు అంటితే సంతోషించే మనిషై, ఖర్చుకు వెనకాడకుండా, నెలకు రెండుసార్లు తిప్పితే చాలనుకుంటే ఆర్‌డీ కొనండి. మా వాడికి మొదటి షరతు ఉంది. మూడోది లేదు. రెండోది ఉందని వాడనుకుంటున్నాడు.

మేస్త్రి చెప్పిన ఇంకో సంగతి కొత్త తలనొప్పి గురించి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాలు. ఈ బండ్లు పుట్టినప్పుడు ఆ పేరు పెట్రోలు బంకులో వినలేదు. పాత రబ్బరు పైపులు, కార్బొరేటరు సీళ్లు ఉబ్బిపోతాయి. ఇథనాలు గాల్లో తేమను పీల్చుకుంటుంది గనక నిలవ ఉన్న ట్యాంకు అడుగున తుప్పు. “వారం పైన బండి ఆపేటట్టయితే ట్యాప్ కట్టేసి, ఇంజను దానంతటదే ఆగిందాకా నడిపి పెట్టు. గిన్నెలో చుక్క మిగలకూడదు,” అన్నాడు. పైపులు మాత్రం రెండు బండ్లకూ కొత్తవి వేయించమన్నాడు. నూరు రూపాయల పని.

మేడ్ ఇన్ జపాన్

2018 జులైలో అజయ్ భూపతి సినిమా ‘ఆర్‌ఎక్స్ 100’ వచ్చాక మన జిల్లాల్లో ఈ బండి కోసం వెతుకులాట మొదలైంది. అంతకుముందు పశువుల కొట్టంలో గడ్డి కింద పడి ఉన్న బండ్లు కడిగించుకుని బయటికొచ్చాయి. ఆ తర్వాత లక్ష అన్నా ఆశ్చర్యపోయే వాళ్లు లేరు. వెతుకులాట పెరిగిన చోట వేషాలూ పెరుగుతాయి. ఆర్‌ఎక్స్ 135 ఇంజను పెట్టి వందగా చెప్పడం, నాలుగు బండ్ల సామాను కలిపి ఒకటి నిలబెట్టడం, చాసిస్ నంబరు గీకి కొత్తగా కొట్టడం. ఇక అందరూ చెప్పే మాట, ఇది జపాను నుంచి వచ్చిన లాటులోదని. జపాను విడిభాగాలతో ఇక్కడ బిగించినవి మొదటి అయిదు వేలేనని చెబుతారు. నాకు ఇప్పటిదాకా గుంటూరు, పల్నాడు జిల్లాల్లోనే ఆ అయిదు వేలూ కనపడ్డట్టున్నాయి.

కొనే ముందు చూడాల్సింది మెరుపు కాదు, నంబర్లు. చాసిస్ మీదిదీ, ఇంజను మీదిదీ ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. ఏపీ 07 అని గుంటూరు నంబరున్న పాత బండికి కాగితాలు రవాణా శాఖ కంప్యూటర్లో ఎక్కాయో లేదో చూసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు ఆ ఫీజును 2025లో రెండు వేలకు పెంచారు. వింటేజీ బండిగా రాయించుకుందామంటే 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండాలి. ఆర్‌డీకి తొందరలో తొందర 2033. ఆర్‌ఎక్స్‌కు ఇంకో రెండేళ్లు. అప్పటిదాకా ఇవి వింటేజీ కావు, ముసలివి. అంతే.

మేనల్లుడు చూసిన ఆర్‌ఎక్స్ నంబర్లు కలిశాయి. ఇంజను ఎవరూ మార్చలేదు, ట్యాంకు రంగు కూడా మొదటిదే. ఆర్‌సీ మాత్రం పోయిన మనిషి పేరు మీదే ఉంది, దాని గడువు తీరి ఏళ్లయింది. అంటే ముందు ఫారం 31 పెట్టి వారసురాలిగా ఆవిడ పేరుకు మార్పించాలి. ఫారం 25తో రెన్యువల్. ఆ తర్వాత 29, 30 మీద ఆవిడ సంతకం పెడితే వీడి పేరుకు వస్తుంది. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, బండిని తీసుకెళ్లి చూపించడం. నరసరావుపేటకు ఎన్నిసార్లు తిరగాలో దేవుడికెరుక.

పెంకుటింటి పెద్దాయనకు కబురు చెప్పడానికి సాయంత్రం మళ్లీ వెళ్లాం. ఆర్‌ఎక్స్ తీసుకుంటున్నామంటే ఆయన ముఖంలో తేలికపడిన గుర్తు కనపడింది. “మంచిది. దీని ధర నేనింకా అనుకోలేదులే,” అన్నాడు. దుప్పటి మళ్లీ కప్పాడు, ఈసారి రెండు మడతలేసి. “శివరాత్రికి రా అబ్బాయ్. కొండకు ఇద్దరం పోదాం. నేను ముందు పోతా, నువ్వు వెనక రా.” మేనల్లుడు ఘాట్ రోడ్డు మలుపుల గురించి ఏదో అనబోయాడు. నేను మోకాలి మీద తట్టి ఆపాను.

మజ్జిగిచ్చిన ఇంట్లో బేరం త్వరగానే తెగింది. ఆవిడ చెప్పిన ధర మేము అనుకున్న దానికంటే తక్కువ. మేనల్లుడు అడ్వాన్సు చేతిలో పెట్టి, బండి ఈ రాత్రికే తీసుకుపోతానన్నాడు.

“అట్టా కుదరదు నాయనా,” అంది. “ఆయన పేరు తీసేసి నా పేరు, నా పేరు తీసేసి నీ పేరు. అప్పటిదాకా ఇక్కడే ఉండిద్ది. ఏదన్నా జరిగితే కాగితం మీద ఆయనే కదా ఉంది.”

వాడు నా వైపు చూశాడు. ఆవిడ చెప్పింది న్యాయమే, నేనేం చెప్పను?

“పోనీ వారానికోసారి వచ్చి కిక్కు కొట్టిపో,” అంది ఆవిడ, పూలకుండీ ట్యాంకు మీద పెట్టబోయి ఆగి, కింద టీపాయ్ మీద పెడుతూ. “ఆదివారం పొద్దున్నే రా. ఆయన ఆ టైముకే తీసేవాడు.”

ఇది రాసేనాటికి వాడు ఐదు ఆదివారాలు వెళ్లొచ్చాడు. పోయినవారం రెండో కిక్కుకే లేచిందట.